కమ్మరి ముఖం ఎవరు గీశారు?

మన చిత్రకళా చరిత్రల్లో రాజులున్నారు, దేవుళ్ళున్నారు, శ్రమజీవి లేడు అని వాపోవటం మనకు చాలాకాలంగా అలవాటు. ఆ వాపోవటంలో సగమే నిజం ఉంది. శ్రమజీవి బొమ్మలు కావలసినన్ని ఉన్నాయి. కమ్మరినే తీసుకుంటే, రెండువందల ఏళ్ళుగా అతన్ని గీస్తూనే ఉన్నారు, ఫొటోలు తీస్తూనే ఉన్నారు, గోడలమీద ఎర్రరంగుతో వేస్తూనే ఉన్నారు. కనుక బొమ్మ ఉందా లేదా అని అడిగితే లాభం లేదు. ఆ బొమ్మలో ఎవరున్నారు, ఎవరు తప్పిపోయారు, బొమ్మకు డబ్బులిచ్చిందెవరు అని అడగాలి. దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతంలో, అంటే పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, అంగట్లో కూర్చుని పాత ఇనుముతో కొత్త పనిముట్లు చేసే మనిషిని ముందుపెట్టుకుని ఈ ప్రశ్న అడిగితే కొన్ని సంగతులు బయటపడతాయి.

ముందు ఆ మనిషిని సరిగా గుర్తుపట్టాలి. కమ్మరి అనగానే మనకు ఊరి కమ్మరి గుర్తుకొస్తాడు. అతను విశ్వబ్రాహ్మణుల పంచాణంలో ఒకడు. కమ్మరి, వడ్ల, కంచరి, శిల్పి, అవుసల అనే ఐదు చేతిపనుల్లో ఇనుము అతని పాలు. కర్రు సాగగొట్టి, బండి చక్రానికి పట్టా వేసి, కల్లం దగ్గర మేర కొలిపించుకునేవాడు. అతనికి ఊళ్ళో ఇల్లుంది, కొలిమి ఉంది, పంటలో వాటా ఉంది. నిజాం కాలంలో ఆ వాటా వెనకనే వెట్టి కూడా ఉంది. దేశ్‌ముఖులకూ పటేల్ పట్వారీలకూ కమ్మర్లు, వడ్లవాళ్ళు వ్యవసాయ పనిముట్లన్నీ ఉచితంగా చేసిపెట్టవలసి వచ్చేదని తెలంగాణ పోరాట చరిత్రలో సుందరయ్య నమోదు చేశారు.

అంగట్లో కనిపించేది మాత్రం ఎక్కువగా మరో మనిషి. బైట కమ్మరి, బైలు కమ్మరి అని జనం పిలిచేవాడు. ఊరి బయట, రోడ్డు పక్కన డేరా. ఒకప్పుడు ఎడ్లబండి, తరువాత ఏది దొరికితే అది. అతనికి మేర లేదు, కల్లం దగ్గర చోటు లేదు, పంచాణంలోనూ చోటు లేదు. చేసిన వస్తువు ఆ రోజు అమ్ముడుపోతేనే పొయ్యి వెలుగుతుంది. పెబ్బేరు సంతవంటి పెద్ద పశువుల సంతల్లో పలుపుతాళ్ళు, గంటలు అమ్మేవాళ్ళ సరసన గోనెసంచి పరిచి కొడవళ్ళు, గొడ్డళ్ళు, కత్తులు వరసగా పెట్టుకుని కూర్చునేది ఇటువంటివాళ్ళే. కొలిమి నేలలో తవ్విన గుంట. దాకలి చాలాచోట్ల రైలుపట్టా ముక్క. ఆ దాకలి ముందు పట్టకారుతో ఇనుము పట్టుకుని, చిన్న సుత్తితో దెబ్బ ఎక్కడ పడాలో చూపించేది మగవాడు. ఎదురుగా నిలబడి, చీర కొంగు నడుముకు బిగించి, బరువైన సమ్మెట ఎత్తి కొట్టేది అతని భార్య. ఈ రెండో మనిషిని గుర్తుపెట్టుకోవాలి. బొమ్మల చరిత్రలో మొదట జారిపోయేది ఆమే.

ఇక ఇనుము. ఈ నేలకు ఇనుము పాత చుట్టం. నాగార్జునసాగర్ నీళ్ళలో మునిగిపోయిన ఏలేశ్వరంలో జరిపిన తవ్వకాల్లో బృహత్‌శిలాయుగపు సమాధుల నుంచి ఇనుప పనిముట్లు బయటపడ్డాయి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలో కరిగించి చేసిన ఉక్కు దూరదేశాల కత్తులకు వెళ్ళింది. పంతొమ్మిదో శతాబ్దంలో సీమ ఇనుము ఓడలమీద దిగి, రైళ్ళమీద లోపలికి రావటంతో రాయి కరిగించే బట్టీలు చల్లారాయి. అప్పటినుంచి మన కమ్మరి ఇనుము పుట్టించేవాడు కాదు, ఇనుము కొనుక్కునేవాడు. కొత్త ఇనుము కొనే స్తోమత లేనివాడు పాత ఇనుముకు దిగాడు. అరిగిన కర్రును, విరిగిన పారను మళ్ళీ కాల్చి వాడుకోవటం ఏ కాలంలోనైనా ఉన్నదే. కాని పాత ఇనుమే ముడిసరుకైన వృత్తి మాత్రం మోటారు యుగంతో వచ్చింది.

1932లో నిజాం ప్రభుత్వ రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. బస్సుల వెనక లారీలు వచ్చాయి. హైదరాబాద్ నుంచి బెజవాడ పోయే రోడ్డు నల్లగొండ జిల్లాను చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా చీల్చుకుని పోతుంది. కర్నూలు పోయే రోడ్డు పాలమూరును షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరుల మీదుగా చీల్చుకుని పోతుంది. ఆ రోడ్ల పక్క మెకానిక్ షెడ్లలో విరిగిపడేవాటిలో కమ్మరికి బంగారంలాంటిది కమాను పట్టీ. లారీ బరువును మోసే ఆ పట్టీ మామూలు ఇనుము కాదు, వంగి మళ్ళీ నిలబడే ఉక్కు. ఇల్లు కట్టేచోట దొరికే మామూలు కడ్డీతో కొడవలి చేస్తే నీళ్ళలో ఎంత ముంచినా పదును నిలవదు, రెండు సాళ్ళు కోసేసరికి మొద్దుబారుతుంది. కమాను పట్టీలో కర్బనం పాలు ఎక్కువ కనుక అది పదును పడుతుంది. ఈ రసాయనశాస్త్రం కమ్మరికి ఎవరూ చెప్పలేదు. ముక్కను దాకలిమీద కొట్టి మోత వింటాడు. సానమీద పెట్టి రవ్వలు చూస్తాడు. మెత్తని ఇనుము రవ్వలు తీగల్లా సాగుతాయి, ఉక్కు రవ్వలు పూలలా చిట్లుతాయి.

ఆ తరువాత పని. పట్టీని ఎర్రగా కాల్చి ఉలితో నిలువునా చీల్చాలి, సాగగొట్టాలి, వంచాలి. కొడవలైతే కక్కు కొట్టాలి, గొడ్డలైతే కర్ర దూరే కన్ను తెరవాలి. చివర అంచుకు మాత్రమే నీళ్ళు తాగించి, లోపల మిగిలిన వేడి అంచువైపు పాకుతూంటే లోహం మీద రంగులు మారటం చూస్తూ కూర్చోవాలి. ఎండుగడ్డి రంగు, గోధుమ రంగు, ఊదా, నీలం. ఏ పనిముట్టుకు ఏ రంగు దగ్గర ఆపాలో అతనికి తెలుసు. ఒక్క క్షణం తొందరపడితే అంచు పెళుసై చిట్లుతుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే మెత్తబడుతుంది. రంగుల విషయంలో ఇంత కచ్చితమైన చూపున్న మనిషిని చిత్రకారులు బొగ్గుమసి పూసిన నల్లటి ఆకారంగా చూపించి ఊరుకోవటం నాకు విచిత్రంగా తోస్తుంది.

కమాను పట్టీ ఒక్కటే కాదు. అరిగిపోయిన ఆకురాయి ఉలి అవుతుంది, బేరింగు చుట్టు కత్తి అవుతుంది, ట్రాక్టరు డిస్కు రొట్టెల పెనం అవుతుంది, తారు డ్రమ్ము రేకు పొయ్యి అవుతుంది. గ్యాస్‌నూనె డబ్బాలు కత్తిరించి బుడ్డీలు, గరాటులు, జల్లెడలు చేసేవాళ్ళు, ఇత్తడి గిన్నెలకు కలాయి పూసేవాళ్ళు అదే అంగట్లో మరో మూల. వీళ్ళలో ముస్లిములూ చాలామంది. వారి ప్రస్తావన ఏ కులపురాణంలోనూ రాదు.

ఇప్పుడు బొమ్మల దగ్గరికి వద్దాం. ఇక్కడి నేలలో పుట్టిన చిత్రకళ అంటే నకాషీల పటాలు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది కాని నిజాం కాలంలో నల్లగొండ జిల్లాలోదే. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి నేపథ్యంమీద అడ్డవరసలుగా కథ వేస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం, మాదిగలకు జాంబపురాణం, చాకళ్ళకు మడేలు పురాణం. ఒక్కొక్క కులానికి ఆ కథ చెప్పే ఆశ్రిత కులం ఉంటుంది. విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్ళు పెద్ద రుంజ మోగిస్తూ విశ్వకర్మ కథ చెబుతారు. పనిచేసే కులాలు తమ డబ్బుతో తమ చరిత్రను పోషించుకున్నాయన్నది ఇందులో గొప్ప విషయం. దీన్ని తక్కువచేసి మాట్లాడేవాళ్ళతో నేను ఏకీభవించను. అయితే ఆ కథలో కమ్మరికి దొరికింది మనుబ్రహ్మ ముఖం. విశ్వకర్మ ఐదు ముఖాల్లో ఇనుముకు చెందిన ముఖం. కులం పరువు ఆకాశానికెక్కింది, కొలిమి ముందు కూర్చున్న ఫలానావాడు మాత్రం కిందనే ఉన్నాడు. డేరాలోని బైట కమ్మరికి ఆ పరువులో కూడా పాలు లేదు.

రెండో రకం కుంపిణీ దొరల కోసం వేసినవి. పద్దెనిమిదో శతాబ్దం చివరినుంచి తంజావూరు, తిరుచిరాపల్లివంటి చోట్ల మన చిత్రకారులే కాగితంమీద, అభ్రకపు రేకులమీద కులాలూ వృత్తులూ వరుసగా గీసి దొరలకు అమ్మారు. ఒక్కొక్క బొమ్మలో ఒక మగ, ఒక ఆడ, చేతిలో వృత్తి పనిముట్టు. కమ్మరి, కమ్మరి భార్య. సాలె, సాలె భార్య. ఇక్కడ ఆమె ఉంది, కాని సమ్మెట ఎత్తటంలేదు, పక్కన నిలబడి ఉంది. ఈ ఆల్బముల తరువాత 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాల ఫొటోల గ్రంథం వచ్చింది. మద్రాసు రాజ్యానికి 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాలు, నిజాం రాజ్యానికి 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ పుస్తకం వచ్చాయి. ఇవన్నీ మనుషుల్ని నమూనాలుగా మార్చిన పుస్తకాలు. పాలించేవాడికి పేరు అక్కర్లేదు, రకం చాలు.

మూడోది మనది. దీన్ని మనం మొహమాటం లేకుండా చూడాలి. సుత్తి, కొడవలి మన జెండామీద ఉన్నాయి. మన పోస్టర్లమీద, పత్రికల అట్టలమీద కమ్మరి ఎన్నోసార్లు వచ్చాడు. విశాలమైన ఛాతీ, ఉబ్బిన కండలు, ఆకాశంవైపు ఎత్తిన సుత్తి, వెనక ఉదయించే సూర్యుడు. 1937లో పారిస్ ప్రదర్శనలో వేరా మూఖినా నిలబెట్టిన కార్మికుడు, రైతుమహిళల ఉక్కు విగ్రహం ప్రపంచమంతటా ఇటువంటి వేలాది బొమ్మలకు ఒరవడి పెట్టింది. ఆ భంగిమకు ఆ రోజుల్లో అవసరం ఉంది, అది ఎందరికో ధైర్యమిచ్చింది కూడా. కాని అంగట్లో కమ్మరి నిలబడడు, గొంతుక్కూర్చుంటాడు. సుత్తి ఆకాశంలోకి లేవదు, మోచేతి కొలతలో లేచి పడుతుంది. ముంజేతుల నిండా రవ్వలు పడిన మచ్చలు. సుత్తి పట్టే వైపు భుజం రెండోదానికంటే లావు. పొగకు ఎప్పుడూ నీరు కారే కళ్ళు. సమ్మెట ఎత్తేది ఆడమనిషి. పోస్టరు వేసినవాడు సుత్తిని చూశాడు, సుత్తి పట్టిన ఇద్దరినీ చూడలేదు. ఆ జెండామీది కొడవలి ఏ విరిగిన లారీ కమానులోంచి వచ్చిందని అడిగినవాళ్ళు మనలో ఎందరు?

తెలంగాణ సాయుధ పోరాటం నాటి ఫొటోలదీ ఇదే కథ. సునీల్ జానా తీసిన, తుపాకులు పట్టిన స్త్రీల ఫొటో అందరి మనసుల్లో ఉంది. తుపాకి పట్టిన చేయి మన చరిత్రకు ఎక్కింది. బరిసెల మొనలు సాగగొట్టినవాడి చేయి ఎక్కలేదు. వెట్టికి ఎదురుతిరిగిన సంఘంలో కమ్మరి కూడా వెట్టి బాధితుడే అన్నది కూడా మనం ఒక వాక్యంలో చెప్పి ముందుకు పోతాం.

ఆధునిక చిత్రకారులు మరో దారి పట్టారు. మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ తన తొలిదశలో తుప్పుపట్టిన పాత మోటారు వాహనాల తుక్కును చిత్రించారు. పనికిరాని ఇనుములో కూడా రూపం, వర్ణం ఉన్నాయని మన ప్రాంతపు చిత్రకళలో గట్టిగా చెప్పిన బొమ్మలవి. తుక్కు అక్కడ ఉంది, తుక్కును కొడవలి చేసేవాడు లేడు. అటు సిద్దిపేట కాపు రాజయ్య, మెదక్ ప్రాంతపు లక్ష్మాగౌడ్, కరీంనగర్ ప్రాంతపు వైకుంఠం పల్లె మనుషుల్ని ప్రపంచానికి చూపించారు. నుదుటిమీది బొట్టు, భుజంమీది కండువా, ఒంటి రంగు, అన్నీ తెలంగాణవే. కాని వైకుంఠం బొమ్మల్లోని మనిషిని ఫలానా ఊరి ఫలానావాడని పోల్చుకోలేం. తెలంగాణ మనిషి అని పోల్చుకుంటాం. అది ఆయన ఎంచుకున్న పద్ధతి, అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. రూపచిత్రం అన్నది వేరే పని, ఆ పనికి పూనుకున్నవాళ్ళు తక్కువ అని మాత్రమే నేనంటున్నాను.

రూపచిత్రంలో కమ్మరి పేరుతో నిలిచిన సందర్భం ఒకటి అమెరికాలో ఉంది. 1798లో ఫిలడెల్ఫియాలో ఒక బ్యాంకు దోపిడీ జరిగింది. దాని ఇనుప తలుపులకు పనిచేసిన పాట్రిక్ లయన్ అనే కమ్మరిని అనుమానించి వాల్‌నట్ వీధి జైల్లో పెట్టారు. అతను నిర్దోషి. తరువాత వ్యాజ్యం వేసి నష్టపరిహారం గెలిచాడు, డబ్బు సంపాదించాడు. 1826లో జాన్ నీగిల్ అనే యువ చిత్రకారుణ్ణి పిలిచి నిలువెత్తు బొమ్మ వేయమన్నాడు. పెద్దమనిషి దుస్తుల్లో కాదు, కొలిమి ముందు తోలు ఏప్రన్ కట్టుకుని, చొక్కా చేతులు పైకి మడుచుకుని, దాకలి పక్కన. కిటికీలోంచి కనిపించే గోపురం తనను బంధించిన ఆ జైలుదే. ధనవంతుల బొమ్మలకే అలవాటుపడిన కొలతలో ఒక కమ్మరి ఎక్కాడు. ఎక్కగలిగింది ఎందుకు? బొమ్మకు డబ్బు తానే ఇచ్చాడు కనుక. జైలు గోపురం బొమ్మలోకి వచ్చింది కూడా అందుకే. మరొకడు డబ్బిస్తే అది వచ్చేది కాదు.

సంతలోని బైట కమ్మరి డబ్బిచ్చి బొమ్మ వేయించుకోలేడు. మరి అతని తరఫున ఎవరు? ఇక్కడ మన ఉద్యమంలోనే ఒక మంచి ఆనవాయితీ ఉంది. 1943లో చిత్తప్రసాద్ మేదినీపూర్ జిల్లాలో కాలినడకన తిరిగి కరువు మనుషుల్ని గీశాడు. ఎముకలగూళ్ళను గీసినవాళ్ళు ఆ ఏడు ఇంకా ఉన్నారు. చిత్తప్రసాద్ మాత్రం మనుషుల పేర్లూ, ఊళ్ళూ, వాళ్ళు పోగొట్టుకున్నదేమిటో కూడా రాసుకున్నాడు. ఆ పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుని తగలబెట్టింది. 1946లో సోమనాథ్ హోర్ రంగపూర్ జిల్లాలో తేభాగా రైతుల మధ్య ఉండి డైరీ రాస్తూ వాళ్ళ బొమ్మలు గీశాడు. పోస్టరు భంగిమ ఉద్యమానికి ఏకైక భంగిమ కాదని ఈ ఇద్దరూ చూపించారు. మన దగ్గర ఆ దారి ముందుకు సాగలేదు.

ఈ చర్చ కళాకారులకు మాత్రమే సంబంధించిందని అనుకునేవాళ్ళకు ఒక మాట. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువల్లోకి నీళ్ళు వదిలారు. ఎడమకాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలు తడిశాయి. తడిసిన నేలమీదికి ట్రాక్టర్లు, తరువాత కోతమిషన్లు దిగాయి. నాగలి పోయింది, కర్రు పోయింది, కొడవలి పని తగ్గింది. మేర కూడా పోయింది. పాలమూరులో నీళ్ళు లేక జనం పోయారు. దేశంలో ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉంటుంది, ఆ లేబర్ చేతిలో పార, గడ్డపార ఉంటాయి. ఒక జిల్లాలో నీళ్ళొచ్చి కమ్మరి దెబ్బతిన్నాడు, మరో జిల్లాలో కరువు వల్లనే కమ్మరికి కాస్త పని మిగిలింది. నల్లగొండలో తాళ్ళు ఎక్కేవాళ్ళున్నంతకాలం గీత కత్తికి గిరాకీ ఉంటుంది, అది వేరే లెక్క. పాలమూరు కవి గోరటి వెంకన్న రాసిన పల్లె కన్నీటి పాట 2002లో కుబుసం సినిమా ద్వారా ఇంటింటికీ చేరినప్పుడు, అందులోని చేతివృత్తుల కుదేలు అందరికీ తమ ఊరిదే అనిపించింది.

ఈ దశలో ప్రభుత్వం కమ్మరి రూపచిత్రం ఒకటి తయారుచేసింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులున్నాయి, కమ్మరం వాటిలో ఒకటి. నమోదైనవారికి ధ్రువపత్రం, గుర్తింపు కార్డు, పనిముట్లకు 15 వేల రూపాయల దాకా సాయం, తక్కువ వడ్డీకి అప్పు. ఇది అందాలి, అందరికీ అందాలి. కాని నిబంధన ప్రకారం కుటుంబంలో ఒక్కరికే నమోదు. భార్యాభర్తలు, పెళ్ళికాని పిల్లలు కలిసి ఒక కుటుంబం. అంటే ఒక కొలిమికి ఒక్క ముఖం. పట్టకారు పట్టినవాడి ఫొటో కార్డుమీదికి ఎక్కితే సమ్మెట ఎత్తే మనిషి లెక్కలో లేదు. కుంపిణీ ఆల్బములో ఆమె పక్కన నిలబడైనా ఉంది, పోస్టరులో లేకుండా పోయింది, కార్డులో చోటే లేదు. ఊరూరా తిరిగే డేరావాళ్ళకు ఇంటి చిరునామా చూపించటమే ఒక గండం. ఆ గండం దాటినా దొరికేది ఒక్క కార్డు.

చిత్రకళ నేర్చుకుంటున్న యువకులు ఈ రెండు జిల్లాల అంగళ్ళకు పోవాలని కోరుతున్నాను. ఒక్క రోజు పోయి పది స్కెచ్చులు గీసుకొచ్చి ప్రదర్శన పెట్టటం కాదు. వారం వారం ఒకే డేరా దగ్గరికి పోవాలి. ఇద్దరినీ కలిపి గీయాలి, ఎవరి చేతిలో ఏది ఉందో అదే ఉంచాలి. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే వేయాలి. వెనక కుప్పలో ఉన్నది కమాను పట్టీయా, బేరింగా, డ్రమ్ము రేకా అని కనిపెట్టి వేయాలి, ఎందుకంటే అది అతని విద్య. వాళ్ళు ఒప్పుకుంటే కింద ఇద్దరి పేర్లూ రాయాలి, వద్దంటే మానాలి. అమ్ముడుపోతే ధరలో వాళ్ళ పాలు ఎంతో ముందే మాట్లాడుకోవాలి, మేర మాట్లాడుకున్నట్టు. ఒక ప్రతి డేరాలో ఇచ్చి రావాలి. వానకు తడవకుండా దాన్ని ఏ రేకు డబ్బాలో పెట్టాలో వాళ్ళకే తెలుసు.